వాన లేకుండా పారిన ఏరు

మా చిన్నప్పుడు... ఎండాకాలం వస్తే ఏటి ఇసుకలో చెలమ తవ్వి తాగే నీళ్లు తెచ్చుకునేవాళ్లం. మోచేతి లోతు తవ్వితే చాలు, అడుగున తేటగా ఊరేవి. మా అవ్వ కొబ్బరి చిప్పతో తోడి, బిందె మూతికి గుడ్డ కట్టి వంచేది. అబ్బ... ఆ నీళ్ల రుచే వేరు!

మాది మదనపల్లె ప్రాంతంలో ఏటి ఒడ్డు పల్లె. తొంభైల చివర్లో ఒక ఏడాది చుక్క వాన లేదు. బోర్లన్నీ ఎండిపోయాయి. ఊరంతటికీ చెలమలే దిక్కు. అలాంటిది ఒక పొద్దున పోయి చూస్తే... ఇసుక మీద నీళ్లు పారుతున్నాయి!

"గంగమ్మ వచ్చిండాది సూడమ్మీ!" అంటూ అవ్వ చెంపలు వేసుకుంది. ఏటికి కొత్తనీళ్లొస్తే పసుపు కుంకుమ చల్లి, టెంకాయ కొట్టి ఎదురుపోవడం మా పక్క ఆచారం. ఆడవాళ్లంతా వచ్చి హారతి పట్టారు. నేనూ దండం పెట్టుకున్నాను.

కానీ ఏదో తేడా... కొత్తనీళ్లు ఎర్రగా ఉంటాయి కదా, ఇవి బూడిద రంగు. ఒక్క కప్ప అరవడం లేదు. కొంగ వాలడం లేదు. చల్లిన పసుపు నీళ్లలో కలవకుండా నురగ మీదే ఉండిపోయింది. ఆ నురగ గాలికి లేచి ఇసుక మీద మెల్లగా మా కాళ్ల వైపు జరుగుతుంటే... నేను రెండడుగులు వెనక్కి వేశాను.

అవ్వ తీర్థంలాగా దోసిట్లో పట్టి నోటిదాకా తెచ్చింది.

"మా! తాగొద్దు మా!" టమేటాలు అమ్మి అప్పుడే వచ్చిన చిన్నాన్న గట్టు మీంచి కేక పెట్టాడు. "పైన టౌన్‌లో మురిక్కాలవలన్నీ ఏట్లోకి ఇడిసిపెట్టినారంట!"

అవ్వ దోసిలి వదిలేసింది. ఒక్క పరుగున చెలమ దగ్గరికి పోయి చుట్టూ ఇసుకతో కట్ట వేసింది. ఏం లాభం... తెల్లారేసరికి దాంట్లోనూ మురుగు వాసన. ఇంకోచోట తవ్వాం. ఆడా అంతే. ఆ నీళ్లతో వండిన అన్నం కుక్క కూడా ముట్టలేదు. వేరే దారిలేక చిన్నాన్న టమేటాకు అవే పెడితే, చెట్లు నల్లగా, ఏపుగా పెరిగి... కాయలు అడుగు నుంచి కుళ్లాయి.

"ఎవురి ఎంగిలి నీళ్లకో మొక్కినామే అమ్మీ..." అని అవ్వ ఏడ్చిన ఏడుపు నేను మర్చిపోలేను.

ఇప్పుడు మా ఏరు నడి ఎండాకాలంలోనూ పారుతుంది. అప్పట్లో మేము కోరుకున్నది అదే... కానీ ఒడ్డునే ఉండి క్యాన్ నీళ్లు కొనుక్కుంటున్నాం.

మీ ఊరి ఏట్లో నీళ్లు ఆఖరిసారి ఎప్పుడు తాగారో... గుర్తుందా?