కడిగిన నీటికాకి

గల్ఫ్ యుద్ధం ఒడిసినంక, సముద్రంల పారిన నూనెల మునిగి చచ్చిన ఒక నీటికాకిని, లోపల దూది కూరి గాజుకండ్లు పెట్టి, మేం పనిచేసే సౌదీ మ్యూజియంకు తెచ్చిన్రు. పొద్దుగాలకు దాన్ని సిద్ధం చేసి పెట్టుమని ముదీర్, అంటే మా పెద్దసారు, సాఫ్ చేసే పనోడినైన నాకు చెప్పి పోయిండు. చచ్చినోళ్లకు స్నానం పోయకుండ సాగనంపుడు మా దిక్కు లేదు. మా హైదరాబాద్ డ్రైవర్ భాయ్ గూడ, "మయ్యత్‌ను కడగకుంటే ఎట్లన్నా?" అనుకుంట నీళ్లు పోసిండు. సబ్బు పెట్టి ఈక ఈక రుద్దినం. రెక్కలు ఆకుపచ్చగ మెరిసినయి.

పొద్దుగాల ముదీర్ నెత్తి కొట్టుకున్నడు. జనానికి చూపెట్టాల్సింది ఆ నూనెనేనట! ఆ ముక్క ముందుగాల చెప్పెటందుకు నోరు పడిపోయిందా? భాయ్ వ్యాన్ల కెల్లి కాలిన ఇంజినాయిల్ తీపిచ్చి, బ్రష్షు నా చేతికే ఇచ్చిండు ముదీర్. ఒళ్లు మండింది, కాని పూసిన.

తర్వాత అద్దాలపెట్టె ముందట స్కూలు పిల్లలు నిలవడి "అయ్యో" అంటుండె. వాళ్లు పోయినంక నేను అద్దం తుడుస్తుంటి. నేను ఎటు జరిగితే అటు ఆ గాజుకన్ను జరిగేది. యుద్ధం దాన్ని ఒక్కసారే ముంచింది. స్నానం పోసి మళ్ల ముంచింది నేను.