మొదటి పేరు నాది

2013 జులై. మెల్‌బోర్న్‌లో చలి ఎముకలు కొరికే రోజులు. నేను సోషల్ వర్క్‌లో మాస్టర్స్ రెండో ఏడాది చదువుతూ, పడమటి శివార్లలోని ఒక చిన్న కౌన్సెలింగ్ కేంద్రంలో ప్లేస్‌మెంట్ చేస్తున్నాను. ప్లేస్‌మెంట్ అంటే జీతం లేని ఉద్యోగం. డిగ్రీ చేతికి రావాలంటే సీనియర్ల కనుసన్నల్లో, నిజమైన మనుషులతో, నిజమైన కష్టాల మధ్య పని చేసి చూపించాలి. అక్కడ తెలుగు వచ్చింది నాకొక్కదానికే కాబట్టి తెలుగు విద్యార్థులు ఎవరొచ్చినా నా గదికే పంపేవారు. ఆ గర్వం నాకు కాస్త ఎక్కువగానే ఉండేది.

అలా వచ్చినవాడే సుధీర్. పేరు, ఊరు మార్చి రాస్తున్నాను. తెనాలి వైపు కుర్రాడనుకోండి, ఇరవై మూడేళ్లుంటాయి. ఐటీ కోర్సులో రెండు సబ్జెక్టులు పోయాయి, వీసా గురించి భయం. పాయింట్ కుక్ అనే శివారులో నలుగురితో కలిసి ఒక ఇంట్లో ఉండేవాడు గాని, ఆ నలుగురూ ఒకే కాలేజీ నుంచి వచ్చినవాళ్లు. ఇతను అద్దె పంచుకోవడానికి వచ్చి చేరిన ఐదోవాడు.

"ఇంట్లో ఎవరితోనన్నా మాట్లాడతావా?" అని అడిగాను.

"చెత్త బిన్స్ ఎవరు బయట పెట్టాలో మాట్లాడతామక్కా" అన్నాడు. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.

రైల్లో ఒకసారి ఎవరో తాగినవాడు మీ దేశం పొమ్మని మీద పడి అరిచాడట. పెట్టెలో ఉన్నవాళ్లంతా చూస్తూ కూర్చున్నారట. ఆ సంగతి చెప్పినప్పుడు మాత్రం గొంతు కొంచెం మారింది. నేను వెంటనే రాసుకున్నాను. జాత్యహంకారం, చదువులో ఓటమి, ఒంటరితనం. పుస్తకంలో చదివిన మూడూ ఒకే మనిషిలో దొరికేసరికి కేసు అర్థమైపోయిందనుకున్నాను. కొత్త వైద్యుడికి కనిపించిన ప్రతి జ్వరమూ తెలిసిన జ్వరమే.

ఆ శనివారం నేను చేయకూడని పని చేశాను. మాకు పాయింట్ కుక్‌లో ఒక తెలుగు ఫెలోషిప్ ఉండేది. కోస్తా నుంచి వచ్చిన పాతిక కుటుంబాల దాకా ఆదివారం గ్రేస్ ఆంటీ ఇంట్లో కలిసి ప్రార్థన చేసుకుని, భోజనాలు చేసి వెళ్లేవాళ్లం. మర్నాటి భోజనాలకి ఆంటీ వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ నేను అన్నాను, "మన తెనాలి వైపు అబ్బాయి ఒకడున్నాడాంటీ. మన చర్చి పిల్లాడే. రెండు సబ్జెక్టులు పోయాయి, ఇంట్లో చెప్పలేదు. మీ పక్క వీధిలోనే ఉంటాడు."

పేరు చెప్పలేదు కదా అని నా ధైర్యం. కానీ పక్క వీధిలో తెనాలి వైపు కుర్రాళ్లు ఎంతమంది ఉంటారు? గ్రేస్ ఆంటీ నోట్లో నువ్వుగింజ నానదని మేమందరం వెనకాల నవ్వుకునేవాళ్లం. ఆ రోజు నానంది నా నోట్లో.

ఆంటీది మంచి మనసు, అందులో సందేహం లేదు. రెండు వారాల్లో సుధీర్‌ని వెతికి పట్టుకుని ఆదివారం తీసుకొచ్చింది. అతను నన్ను చూసి తల ఊపాడు. పాటలయ్యాక ప్రేయర్ రిక్వెస్టులు మొదలయ్యాయి. ఎవరికి ఏ అవసరముందో లేచి చెబితే అందరూ దానికోసం ప్రార్థించడం మాలో ఆనవాయితీ. ఒకరికి ఆపరేషన్, ఒకరికి ఈ దేశంలో స్థిరపడేందుకు పీఆర్, ఒకరికి సంతానం. ఆంటీ లేచి, "మన బ్రదర్ సుధీర్ కోసం ప్రార్థించాలండి. ఎగ్జామ్స్ ఫెయిలయ్యాడు, వీసా ఏమవుద్దో తెలీదు, పాపం అమ్మానాన్నలకి కూడా చెప్పుకోలేకపోతున్నాడు" అంది. అందరం కళ్లు మూసుకున్నాం. కొందరు అతని తల మీద చేతులు పెట్టారు. నేనూ పెట్టాను. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, ఇతనికి ఒక కుటుంబం దొరికిందని.

ఆ సోమవారం ఫైల్లో, అతనికి ఇప్పుడు సమాజంతో బంధం ఏర్పడిందని, అది ప్రొటెక్టివ్ ఫ్యాక్టర్ అని రాశాను. మనిషిని చెడు నుంచి ఆపి ఉంచే ఆసరాకు మా వృత్తిలో ఆ మాట వాడతాం.

తరువాత అతను ఫెలోషిప్‌కి రాలేదు. నా దగ్గరికి మాత్రం ప్రతి మంగళవారం టైముకి వచ్చేవాడు. మర్యాద పెరిగింది, మాట తగ్గింది. కుదుటపడ్డాడనుకున్నాను. ఒకసారి వెయిటింగ్ రూమ్ టీవీలో అమెరికాలో జరిగిన కాల్పుల వార్త వస్తోంది. అతను తెర వైపు చూస్తూ, "నిన్నటిదాకా వాడెవడో ఎవడికీ తెలీదు. ఇవాళ చూడక్కా, అందరి నోటా వాడి పేరే" అన్నాడు. ఒళ్లు జలదరించాల్సిన మాట అది. కానీ ఈ దేశంలో తుపాకీ కావాలంటే క్లబ్బులో చేరాలి, కారణం చూపాలి, పోలీసుల పరిశీలన దాటాలి, ఇక్కడ ఇలాంటివి జరగవని మా అందరికీ ధీమా. "పద, చలిగా ఉంది, లోపలికి రా" అన్నాను. ఫైల్లో ఆ మాట రాయలేదు. రాస్తే వీసాకి అడ్డమొస్తుందేమోనని, మనవాడే కదా అని.

సెప్టెంబరులో ఒక మంగళవారం మధ్యాహ్నం, కూర్చుంటూనే బ్యాగులోంచి కాగితం తీసి టేబుల్ మీద పెట్టాడు.

"చదువక్కా."

ఏడు పేర్లున్నాయి. నీలం ఇంకు, శుభ్రమైన చేతిరాత. మొదటి పేరు నాది. రెండోది గ్రేస్ ఆంటీది. మిగతా ఐదుగురూ ఆ ఆదివారం అతని తల మీద చేతులు పెట్టినవాళ్లు. రైల్లో అరిచినవాడి ఊసు లేదు, ఫెయిల్ చేసిన లెక్చరర్ పేరు లేదు, ఇంట్లో పలకరించని ఆ నలుగురి పేర్లు లేవు.

"మొన్న శనివారం షూటింగ్ క్లబ్‌కెళ్లా. కొత్తవాళ్లకి ట్రయల్ ఇస్తారు. చెయ్యి వణుకుతుందనుకున్నా. వణకలేదక్కా" అన్నాడు, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా.

అంత భయం నా జీవితంలో అంతకుముందు ఎరుగను, తరువాతా ఎరుగను. నీళ్లు తెస్తానని లేచి, పక్క గదిలో ఉన్న మా సూపర్‌వైజర్ మార్గరెట్‌ని పిలిచాను. ముప్పై ఏళ్లు ఈ పనిలో తలపండిన ఆవిడ. వచ్చి అతని ఎదురుగా కూర్చుని, కాగితం చూసి, గొంతు పెంచకుండా ఇంగ్లిష్‌లో సూటిగా అడిగింది, వీళ్లని చంపాలనుకుంటున్నావా అని. అలా ముఖం మీద అడగొచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

సుధీర్ నా వైపు తిరిగి తెలుగులో అన్నాడు, "కొన్ని రోజులు వీళ్లందర్నీ అనిపిస్తది. కొన్ని రోజులు నన్ను ఒక్కణ్ణే అనిపిస్తది. ఏది ముందో తెలీట్లేదని చెప్పక్కా ఆవిడకి." ఈసారి ఒక్క ముక్క వదలకుండా చెప్పాను.

సాయంత్రానికి మానసిక వైద్యుల బృందం, పోలీసులు వచ్చారు. అతను ఎదురు చెప్పకుండా ఆసుపత్రికి వెళ్లాడు. అతని గదిలో ఆయుధమేదీ దొరకలేదు. క్లబ్‌కి సమాచారం వెళ్లింది. కాగితంలో పేరున్న ప్రతి ఇంటికీ పోలీసులు వెళ్లి చెప్పొచ్చారు. ఆ రాత్రి గ్రేస్ ఆంటీ ఫోన్ చేసి, "మేం చేసిన తప్పేంటమ్మా? ప్రార్థనే కదా చేశాం" అని ఏడ్చింది.

మర్నాడు సూపర్‌విజన్‌లో, అంటే చేసిన పనిని సీనియర్ ముందు పెట్టుకుని తరచి చూసుకునే గంటలో, మార్గరెట్ ఒక్కటే అడిగింది, మొదటి పేరు నీదెందుకు అని. ఉల్లిపాయల దగ్గర నుంచి టీవీ దాకా అంతా చెప్పేశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆవిడ తిట్టలేదు. ఒంటరివాళ్లు కోట్లమంది ఉన్నారని, దాదాపు అందరూ ఎవరికీ రవ్వంత హాని చేయకుండానే బతికేస్తారని చెప్పింది. ఒంటరితనానికి అవమానం తోడై, ఆ అవమానానికి కొన్ని ముఖాలు దొరికి, ఆ ముఖాల ముందు ఒక్కరోజైనా పెద్దవాణ్ణవ్వాలన్న కోరిక పుట్టినప్పుడు భయపడాలంది. ఇవన్నీ ఉన్నా ఎవరు చేస్తారో, ఎవరు చేయరో తనకూ తెలియదంది. చేసేవాళ్లు చాలాసార్లు ముందే ఎవరికో ఒకరికి చెబుతారట. దాన్ని లీకేజ్ అంటారు. "అతను నీకు రెండుసార్లు చెప్పాడు. రెండోసారి కాగితం మీద రాసి మరీ చెప్పాడు" అంది.

గోప్యత తప్పినందుకు నా ప్లేస్‌మెంట్ అక్కడితో రద్దయింది. మరుసటి ఏడాది మళ్లీ మొదటి నుంచి చేశాను. అది న్యాయమే.

ఐదు నెలల తరువాత సుధీర్ ఇండియా వెళ్లిపోయే ముందు నన్ను చూడాలన్నాడు. మార్గరెట్ ఒప్పుకుని, తనూ పక్కన కూర్చుంది. మందులతో కాస్త ఒళ్లు చేశాడు, ముఖం తేటపడింది. నేను క్షమాపణ అడిగాను. అతనూ అడిగాడు, నా కళ్లలోకి చూడకుండానే.

"ఆ పేర్లు రాసింది ప్రేయర్ చేసినందుక్కాదక్కా" అన్నాడు తరువాత. "అందరూ నాకోసం ఏడ్చారు. అయ్యాక అందరూ లేచి బిర్యానీకెళ్లారు. ఎక్కడ కూర్చోవాలో తెలీక ప్లేటు పట్టుకుని గరాజ్‌లో నిలబడి తిన్నా. నా సంగతంతా అందరికీ తెలుసు. మాట్లాడ్డానికి ఒక్కళ్లూ రాలేదు. ఆవేళే ఇంటికెళ్లి ఆ కాగితం రాశా."

ఆ కాగితం రాసింది అతనే, ఆ తప్పు అతనిదే. దాన్ని నా నెత్తిన వేసుకుని గొప్పతనం చూపించుకోను. కానీ ఒక మనిషి గురించి పదిమందితో మాట్లాడి, ఆ మనిషితో మాట్లాడినట్టే సంతృప్తి పడటం ఎంత సులువో నాకు ఈ వృత్తిలో మొదట తెలిసింది అప్పుడే. ఆ ఆదివారం బిర్యానీ గిన్నె దగ్గర గరిటె పట్టుకుని నిలబడింది నేనే. సుధీర్ ప్లేటులో రెండు ముక్కలు ఎక్కువ వేసి, వెనకున్న మనిషిని రమ్మన్నాను.