ఎర్రెద్దును నూకిన నాలుగు నెలలు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఒక్కటి కూడా ఉండేది కాదు. జగిత్యాలలో ఐటీఐ డీజిల్ మెకానిక్ చదువుతున్నాను, క్లాసు మొత్తానికీ నేనొక్కదాన్నే ఆడపిల్లను, పైగా సార్ ఒకసారి నా రికార్డు పుస్తకం అందరికీ చూపించాడు. ఇంకేం కావాలి? ఇప్పుడు కోరుట్లలో నాకంటూ ఒక షెడ్డు ఉంది, పదిహేనేళ్ల అనుభవం ఉంది, తెలియనివి మాత్రం రోజుకొకటి బయటపడుతూనే ఉన్నాయి. అప్పటి ఆ ధీమా తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గూ నవ్వూ కలిసే వస్తాయి.

మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న, మోకాళ్ల నొప్పులతో కల్లు గీయడానికి తాళ్లెక్కడం మానేసి మెట్‌పల్లిలో ఒక పాత ట్రాక్టరు కొన్నాడు. అది మా చేతికి వచ్చేనాటికే దాని వయసు నా వయసుకంటే ఎక్కువ. పేరు ఎర్రెద్దు. దసరా ముందు సెలవులకు వచ్చిన నేను దానికి రంగు వేస్తానని పట్టుబట్టాను. మామూలుగా అందరూ కనిపించే చోట బ్రష్షు తిప్పి వదిలేస్తారు. నేనట్లా కాదు (రికార్డు పుస్తకం చూపించిన పిల్లను కదా). విప్పగలిగిన వైర్లన్నీ విప్పి, సందుసందునా రెండు పూతలు పూసి, ఆరాక ఎక్కడివి అక్కడ బిగించాను. పండుగనాడు పెద్దమ్మ పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు కట్టి, "పెండ్లికొడుకు లెక్కున్నది బిడ్డా!" అంటే నేను రెండు రోజులు నేల మీద నడవలేదు.

నాలుగో రోజు నుంచి పెండ్లికొడుకు లేవడం మానేశాడు. సెల్ఫ్ కొడితే 'టిక్' అని ఒక్క చప్పుడు, అంతే. లైట్లు చూస్తే చిమ్నీ దీపాల్లా ఉన్నాయి, ఛార్జింగు ముల్లు ఉన్నచోటు నుంచి కదలదు. దాంతో పొద్దున్నే ఎనిమిది మంది వచ్చి నూకడం, వాళ్లకు పెద్దమ్మ చాయ్ పోయడం మొదలైంది. మనుషులు దొరకనప్పటి కోసం పెద్దబాపు దాన్ని ఇంటి ముందు కాలువ గట్టు వాలులో, గేరులో పెట్టి ఆపేవాడు (హ్యాండ్ బ్రేకు ఎన్నడో పోయింది). ఒకసారి స్టార్టయితే ఇక పొద్దుమూకే దాకా బంద్ చేసేవాడు కాదు.

ముత్యంపేటలో చుట్టాలింట్లో వరపూజకు కూడా దాని మీదే పోయాం. ఇంజను నడుస్తూనే వాకిట్లో ఉంది. లోపల పంతులు గొంతు చించుకుంటున్నాడు, బయట ఎర్రెద్దు అంతకంటే గట్టిగా అందుకుంటోంది. "గా ట్రాక్టర్ బంద్ చెయ్యుండ్రే, ఏం ఇనవడ్తలేదు!" అని ఎవరో అరిచారు. "బంద్ జేస్తె మీరే నూకాలె మల్ల!" అన్నాడు పెద్దబాపు. ఇంతలో ఒక పుణ్యాత్ముడు పోయి బంద్ చేయనే చేశాడు. సాయంత్రం పట్టుబట్టల్లో ఉన్న పెండ్లికొడుకుతో సహా రెండు వైపుల చుట్టాలూ దాన్ని సడక్ దాకా నూకారు. అంత కలిసికట్టుగా కుదిరిన సంబంధం మా వైపు మరొకటి లేదు.

కోరుట్లలో ఒక మెకానిక్ ఉండేవాడు. ఏం చూపించినా "మార్సుడే" అనేవాడు కాబట్టి ఆయన్ను అందరం మార్సుడు మామ అనేవాళ్లం. బ్యాటరీ మార్చాడు, సెల్ఫ్ మోటరులో బ్రష్షులు మార్చాడు, డైనమో బెల్టు మార్చాడు. ఎర్రెద్దు 'టిక్' అనడం మాత్రం మార్చుకోలేదు. "ఇగ నన్నొక్కన్నే మార్చలేదు," అన్నాడు పెద్దబాపు. నేను జగిత్యాల నుంచి ఫోన్లో, "అంతదాక ఎందుకు పెద్దబాపూ, నేనస్తె అయిదు నిమిషాల పని," అన్నాను.

ఆ అయిదు నిమిషాల పనికి నేను వచ్చేసరికి నాలుగు నెలలు గడిచాయి, పెద్దమ్మ ఓపిక అయిపోయింది. "చాయ్ వోసి వోసి నా రెక్కలు వోయినయ్. ఇంట్ల గా ఎర్రెద్దన్న ఉండాలె, నేనన్న ఉండాలె," అని తేల్చేసింది. పెద్దబాపు ఆలోచించడానికి కాస్త ఎక్కువ సమయమే తీసుకున్నాడు, అది ఇంకా పెద్ద తప్పయింది. విడిభాగాల కోసం పాత బండ్లు కొనే సిరిసిల్ల ఆయన బేస్తారం, అంటే గురువారం, వస్తానన్నాడు. ముందు రోజు పెద్దబాపు బువ్వ ముట్టలేదు. బానెట్ మీద చెయ్యేసి అట్లా నిలబడ్డాడు. చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది. అయిదు నిమిషాల పనికి మూడు రోజులుగా చేయని పరీక్ష లేదు, పుస్తకంలోని పేజీలన్నీ అయిపోయాయి.

బేస్తారం సిరిసిల్ల ఆయన వచ్చి వాకిట్లో గద్దె మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. నేను చివరిసారి అనుకుని, "పెద్దబాపూ, ఒక్కసారి సెల్ఫ్ కొట్టు," అని బ్యాటరీ పక్కన నిలబడి వైర్లు తడుముతున్నాను. 'టిక్'. మళ్లీ కొట్టమన్నాను. అర్తింగు వైరు చాసిస్‌కు బిగించిన చోట వేలు పెట్టానో లేదో, కాలిన పెనం తగిలినట్టు చుర్రుమంది. అరిచాను, కానీ సంతోషంతో అరిచాను. వైరు అక్కడే అంత వేడెక్కిందంటే కరెంటు అక్కడే ఇరుక్కుంటోంది! గబగబా పానతో బోల్టు విప్పి చూశాను. వైరు కింద తగలాల్సిన ఇనుము లేదు. నున్నగా, నిగనిగలాడుతూ, చిన్న గీత కూడా పడకుండా ఎర్ర రంగు ఉంది. రెండు పూతలు. నావే.

ఎవరూ చూడకుండా యాక్సా బ్లేడుతో గీకాను, గోటితో గీకాను, తెల్లటి ఇనుము కనిపించేదాకా గీకి బోల్టు బిగించాను. "ఇగ కొట్టు!" అన్నాను. నాలుగు నెలలుగా సెల్ఫ్ మీద నమ్మకం పోయిన పెద్దబాపు క్లచ్ తొక్కలేదు. బండి గేరులో ఉంది. ఎర్రెద్దు ఒక్క గుర్రుతో లేచి, మనిషిని మీద పెట్టుకునే గంతేసి, సిరిసిల్ల ఆయన వైపు బయల్దేరింది. ఆయన గ్లాసుతో సహా గద్దె మీదికెక్కాడు. "ఓరి నాయినో, గిది సచ్చిందన్నరు గదనే!" బండి ఆయన్ను వదిలేసి గడ్డివాములో దూరి, అక్కడ కూడా ఆగకుండా డుగుడుగుమంటూనే ఉంది. తల నిండా గడ్డితో పెద్దబాపు లోపలి నుంచి, "దీన్ని అమ్మ! అమ్మనే అమ్మ!" అని కేకలేస్తున్నాడు. పెద్దమ్మ చాయ్ గిన్నె కింద పెట్టి పడీపడీ నవ్వింది.

"ఏమాయె బిడ్డా దానికి?" అని పెద్దబాపు అడిగితే, "అర్తింగు లూజున్నది," అన్నాను నేల చూపులు చూస్తూ. ఆ తర్వాత ఆయన ఊరూరా తిరిగి, మార్సుడు మామకు చిక్కంది నా బిడ్డ గడియలో పట్టిందని చెప్పుకున్నాడు. ఆ మాట పట్టుకునే నా దగ్గరికి మొదటి బండ్లు వచ్చాయి. నేను నిజం చెప్పలేదు, చెప్పే ధైర్యం రాలేదు.

మొన్నటి దసరాకు ఎర్రెద్దుకు మళ్లీ రంగు వేయడానికి పోయాను. బ్రష్షు ముంచి చాసిస్ దగ్గర వంగేసరికి, పెద్దబాపు కర్ర పక్కన పెట్టి వచ్చి, ఆ బోల్టు మీద బొటనవేలు అదిమి పెట్టాడు. "గీడ వద్దు బిడ్డా. మల్ల నాలుగు నెలలు నూకే మనుషులు ఇప్పుడు దొరుకరు."

"నీకెరుకేనా పెద్దబాపూ?"

"గా దినమే ఎరుక. నీ గోర్లల్ల ఎర్ర రంగుండె."

"మరి గప్పుడే చెప్పకపోతివి?"

"చెప్తె మల్ల పాన పట్టుదువా నువ్వు?"

ఆయన వేలి చుట్టూ జాగ్రత్తగా రంగు వేశాను. పని అయ్యేదాకా ఆయన వేలు తీయలేదు. తీశాక చూస్తే, ఎంత జాగ్రత్త పడ్డా, ఆయన గోరు ఎర్రగానే ఉంది.