మా అన్న నడుముకున్న తుపాకి

మా అన్న మూడేళ్ళ కిందట తుపాకి లైసెన్సు తెచ్చుకున్నాడు. మైపాడు పక్కన ఆయనకు రొయ్యల గుంటలున్నాయి. ఎక్కడో ఎవరి గుంటలోనో పగవాళ్ళు విషం కలిపారని, రొయ్యలన్నీ చచ్చి తేలాయని విన్నప్పటి నుంచి ఆయనకు మనశ్శాంతి లేదు. తుపాకి వచ్చాక ఎక్కడికి పోయినా నడుముకు అది ఉండాల్సిందే. ఆదివారం చర్చికి కూడా దాంతోనే వచ్చేవాడు. "దేవుడి మీద కూడా నమ్మకం లేదాన్నా?" అని నేను ఆటపట్టిస్తే ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్ళం. ఎందుకు నవ్వామా అని ఇప్పుడు నా మీద నాకే కోపం వస్తుంది.

పోయిన వేసవిలో ఒక పొద్దున వదిన ఫోన్ చేసింది. గుంట నీళ్ళు పరీక్షకు నెల్లూరు పంపాలట, గుంట దగ్గర పనిచేసే మనిషి రాలేదట, ఒక సీసా పట్టి తెచ్చిపెట్టమంది. అన్నకు చెప్పే ఉంటుందనుకుని, ఎండకు తలకూ ముఖానికీ తువ్వాలు చుట్టుకుని పోయాను. సీసాను ముందు ఆ గుంట నీళ్ళతోనే రెండుసార్లు తొలిచి పారబోసి, ఆ తర్వాత నింపాలి. లేకపోతే పరీక్ష సరిగ్గా రాదు. కట్ట దిగి, వంగి, నేను అదే చేస్తున్నాను. దూరం నుంచి చూసేవాళ్ళకు సీసాలోది గుంటలో పోస్తున్నట్టు ఉంటుందని నాకు తట్టనే లేదు.

నీళ్ళను చిలికే ఏరియేటర్ల మోతలో అన్న అరుపులు వినపడలేదు. ఎందుకో తల తిప్పాను. పదడుగుల దూరంలో అన్న. రెండు చేతులా పట్టుకున్న తుపాకి సూటిగా నా ముఖం మీదికే ఉంది. ఆయన నన్నే చూస్తున్నాడు, కానీ గుర్తుపట్టలేదు. తలకున్న తువ్వాలు లాగి పడేశాను. అప్పటికిగాని ఆయన చెయ్యి దిగలేదు.

బురదలోనే కూలబడిపోయాను. చిన్నప్పుడు రోజూ నన్ను సైకిల్ మీద బడికి తీసుకుపోయిన మనిషి ఈయనేనా అనిపించింది.

"నువ్వా," అన్నాడు, తుపాకి మళ్ళీ నడుముకు దోపుకుంటా. "నువ్వు కాబట్టి సరిపోయింది. వేరే ఎవురన్నా అయితే ఈపాటికి కాల్చేసుండేవాణ్ణి."

నన్ను ఓదార్చడానికే ఆ మాట అన్నాడు. నాకు మాత్రం 'వేరే ఎవురన్నా' అనే మాటే పట్టుకుంది. రోజూ ఆ కట్ట మీద గేదెకు గడ్డి కోసుకునే అక్క కూడా తలకు తువ్వాలు చుట్టుకునే వస్తుంది.

"ఈ మూడేళ్ళల్లో విషం పొయ్యడానికి ఎంతమంది వచ్చినారన్నా?" అని అడిగాను.

"ఒక్కడూ రాలే. ఇది ఉంది కాబట్టే రాలే."

"దీని ముందర నిలబడింది నేనొక్కదాన్నేనన్నా."

అన్న కట్ట మీద అటూ ఇటూ చూశాడు. చెయ్యి మాత్రం చొక్కా కిందికి పోయి, తుపాకి ఉందో లేదో తడిమి చూసుకుంది.