పెళ్లిచూపుల్లో జనరేటర్ పరీక్ష

కంప్యూటర్ ముందుకు చెప్పులు విప్పి వెళ్లిన కాలం ఒకటుందంటే ఇప్పటి పిల్లలు పగలబడి నవ్వుతారు. నవ్వనివ్వండి. తొంభైల్లో భిలాయిలో మా పవర్ ప్లాంటుకి మొదటి కంప్యూటర్ వచ్చినప్పుడు దానికో గది కట్టి ఏసీ పెట్టారు. మనుషులకి మాత్రం పెట్టలేదు. ఆ గది తుడిచే పని కాంట్రాక్టు హెల్పర్నైన నాకు అప్పజెప్పారు. ఎందుకయ్యా అంటే అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. "వీడైతే కాగితాలు చదవడు, మీటలు నొక్కడు" అని పెద్దలు తేల్చారు. (చదువు రాకపోవడం వల్ల ఏసీ గాలి దక్కినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటాను.)

ఒక శనివారం ఆ గదిలోకి బయటి ఊరినుంచి కుర్ర ఇంజనీరొకడు దిగాడు. మేమంతా కంప్యూటర్ సాయేబు అనేవాళ్లం. నడుస్తున్న జనరేటర్ మీదనుంచి లోడంతా ఒక్కసారిగా లాగేస్తే అది తట్టుకుంటుందా, కూలబడుతుందా అన్న పరీక్ష రేపు కంప్యూటర్లో చేస్తాడని కబురు తెలిసింది. మా మేస్త్రీ మావ (అమ్మకి వరసకి తమ్ముడు, నన్ను శ్రీకాకుళం నుంచి తెచ్చి పనిలో పెట్టినవాడు) అది విని తల పట్టుకున్నాడు.

"ఒరే, ఆ డబ్బాలోంచి తీగ నేల కిందనుంచి సరాసరి మన మిషన్లోకే ఎల్తాదిరా. సాయేబు మీట నొక్కినాడంటే మిషను పడిపోతాది. టౌన్లో సెక్టర్లన్నీ సీకటే!"

"పగలు గదా మావా, సీకటేటి?"

"సీకటి పోనీరా, ఫేను! రేపే గదేటి నీ పెళ్లిచూపులు!"

నేనూ అమ్మా జాముల్ దగ్గర రేకుల షెడ్డులో ఉండేవాళ్లం. పిల్లవాళ్లేమో తామే వచ్చి చూస్తామన్నారు, అందుకని చూపులు సెక్టర్ 2లో మావ క్వార్టర్లో పెట్టుకున్నాం. దానికి సీలింగ్ ఫ్యాను ఉంది, అదే మా ఆస్తి. పిల్ల తండ్రి దుర్గ్ రైల్వేలో పనిచేసే భారీ మనిషి. అంతకుముందు ఉతైలో ఒక సంబంధం చూడ్డానికి వెళ్లి, కరెంటు పోతే ఉక్కకి తాళలేక టీ కూడా తాగకుండా లేచి వచ్చేశాడట. పిల్ల పదో తరగతి పాసైంది. నాకా చదువు లేదు, పర్మినెంటు లేదు. ఇంక మిగిలింది ఆ ఫ్యానే.

అమ్మ వీధంతా తిరిగి విసనకర్రలు అరువు తెచ్చింది. కరెంటు పోతే కుళాయి రాదని బకెట్లు, బిందెలు, ఆఖరికి పప్పు గిన్నెలు కూడా నీళ్లతో నింపింది. మావ ఎవరితో అన్నాడో గాని, ఆదివారం పొద్దుటికి సెక్టర్లో సగం మంది నీళ్లు పడుతున్నారు.

నేను డ్యూటీకి వెళ్లి, చీపురు పక్కన పెట్టి, సాయేబు ముందు చేతులు కట్టుకు నిలబడ్డాను. "సాబ్, శామ్ కో మత్ గిరావో. మేరా షాదీ కా బాత్ హై" అన్నాను. సాయంత్రం మాత్రం పడగొట్టొద్దు, పెళ్లి మాటలున్నాయని.

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "అరే భయ్యా, సుబహ్ సే కిత్నీ బార్ గిరా చుకా హూఁ!"

పొద్దున్నుంచి ఎన్నిసార్లు పడగొట్టాడో! నేను ఏసీ వైపు చూశాను. ఆడుతోంది. లైటు వైపు చూశాను. వెలుగుతోంది. నా మొహం చూసి సాయేబుకి సంగతి అర్థమై, కుర్చీలో వెనక్కి వాలి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. తరవాత నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. (కుర్చీలో! కాంట్రాక్టు మనిషిని!) ఇది ఉత్తుత్తి జనరేటర్, అంకెలతో కట్టిన బొమ్మ, అసలు మిషనుకి దీనికీ తీగే లేదన్నాడు. మీట నొక్కాడు. తెరమీద పచ్చగీత ఒకటి తిన్నగా నడుస్తూ నడుస్తూ, లోడు పోగానే ఒక్కసారి పైకి ఎగిరింది. కిందికి దిగింది. మళ్లీ కొంచెం ఎగిరి, కొంచెం దిగి, ఊగి ఊగి సద్దుకుంది. ఆవిరిని పెంచి తగ్గించే గవర్నరు బాగుంటే అలా నిలబడుతుందట. గవర్నరు అంకెలు చెడగొట్టి మళ్లీ చూపించాడు. గీత పిచ్చెక్కినట్టు పెద్దగా, ఇంకా పెద్దగా ఊగి తెర దాటిపోయింది. "సాబ్, ఠీక్ కరో, ఠీక్ కరో!" అని, బాగుచెయ్యమని అరిచాను. ఊగడం తప్పు కాదు, ఊగి నిలబడాలి అన్నాడాయన. నాకు పూనకం ఎక్కినట్టయింది.

డ్యూటీ దిగి సైకిలెక్కి సెక్టర్ 2 దాకా అరుచుకుంటూనే వచ్చాను. "అమ్మా, కరెంటు పోదు! అది అబద్ధపు జనరేటర్! విసనకర్రలు ఎవరివి వాళ్లకిచ్చీ!" అమ్మ ఇచ్చేసింది. ఆ సంబరంలో మావ పక్కింటికి పరిగెత్తి కూలరు కూడా మోసుకొచ్చాడు.

పిల్ల తండ్రి వచ్చి ఫ్యాను కింద కుర్చీ నింపాడు. పక్కనే పిల్ల, తలొంచుకుని కూర్చుంది. "కరెంటు బాగుంటాదేటి మీ కాడ?" అన్నాడాయన చెమట తుడుచుకుంటూ.

"మా జనరేటర్ పోడమేటండీ? నానుండగా పోదు" అన్నాను.

అదే క్షణంలో మావ కూలరు ప్లగ్గు పెట్టాడు. ఠప్. కూలరూ తిరగలేదు, ఫ్యానూ ఆగిపోయింది.

మావ ఫ్యూజు పెట్టె దగ్గరికి పరుగు. అమ్మ విసనకర్రల కోసం ఇల్లిల్లూ పరుగు. పిల్ల తండ్రి తువ్వాలు భుజానేసుకుని లేవబోయాడు. ఇంకెవడైనా అయితే బతిమాలేవాడు. నాకు బతిమాలడం రాదు. "కూకోండి, సెప్తాను" అని గ్లాసులో వేలు ముంచి, ఎర్రగచ్చు మీద మోకాళ్లేసి, నీళ్లతో ఆ గీత గీయడం మొదలెట్టాను. "ఇదిగో, తిన్నగా ఎల్తన్నాది. ఇక్కడ లోడు పోనాది. ఇలాగ ఎగిరినాది, ఇలాగ దిగినాది..." ఆయన లేవబోయినవాడు అలాగే వంగి చూస్తున్నాడు.

"మరి నిలబడకపోతే?" అని సన్నగా వినిపించింది. పిల్ల తలెత్తి గీతనే చూస్తోంది.

"గవర్నరు సరిగ్గా లేనట్టు. సరిసేసీవోళ్లు పక్కనుండాల. ఇదిగో, ఇక్కడ నిలబడిపోతాది, సూడండి!"

నేను గీత ఆపాను, ఫ్యాను తిరిగింది. ఒట్టు. బయట మావ ఫ్యూజు కట్టేశాడు. పిల్ల చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయన మళ్లీ కూర్చుని, "సదువెంత బాబూ?" అన్నాడు.

"సున్నా."

"నాన్నా, టీ సల్లారిపోతంది, తాగు" అంది పిల్ల. ఆయన ఆమె మొహం చూసి, గ్లాసు అందుకుని తాగాడు. ఆ టీతోనే సంబంధం కుదిరింది.

పెళ్లయ్యాక పలక తెచ్చి నా ముందు పెట్టింది. నేను మొరాయిస్తే, "అంత వొంకర గీత గీసినోళ్లకి 'అ' ఎంతండీ?" అంది. అలా నేర్చిన అక్షరాలే ఇవి. ఇప్పటికీ నాకు కోపం ముంచుకొచ్చి ఇల్లెగిరిపోయేలా అరుస్తుంటే, ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి గాల్లో వేలితో ఎగిరే గీత ఒకటి గీసి, "నిలబడ్డాదా, ఇంకా ఊగతన్నాదా?" అంటుంది. "ఇంకొంచెం ఊగాల" అంటాను. ఆ పూట ఎర్రగచ్చు మీద మోకాళ్లేసి కూర్చున్న కుర్రాడికి గవర్నరు ఎదురుగానే ఉందని ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. అంత భయపడేవాడు కాదు పాపం.