వదిన పంచిన వారం

పుష్యమాసంలో మబ్బు పడితే చెరకు రైతుకు కంగారే. ఆ వేళ తెల్లారేసరికే మబ్బు పట్టింది. మర్నాడు గానుగ దగ్గర మా ఇంటి వంతు కాబట్టి, కూలీలతో కలిసి కింది మడిలో చెరకు నరుకుతున్నాను. సగం మడి అయ్యేసరికి అన్నయ్య అనకాపల్లి ఆసుపత్రి నుంచి ఫోన్ చేశాడు. గుండెల్లో నొప్పంటే అంతకుముందు రోజే వదినను అక్కడికి తీసుకెళ్లాడు.

"మీ వదిన పోయిందిరా" అన్నాడు.

కత్తి గట్టు మీద పెట్టాను. నరికిన చెరకు మీద ఆకు కప్పమని కూలీలకు చెప్పి ఇంటికి నడిచాను. దారిలో చినుకులు మొదలయ్యాయి.

గానుగ చూడనివారికి ఒక మాట చెప్పాలి, లేకపోతే మా వదిన ఎలాంటి మనిషో తెలియదు. దేవరాపల్లి దగ్గర మా ఊళ్లో చెరకు ఆడి బెల్లం వండుకోవడానికి కొన్ని ఇళ్లకు కలిపి ఒకటే గానుగ. ఒక్కో ఇంటికి ఒక్కో రోజు వంతు. ఆ రోజు ఆ ఇంటివాళ్లదే మాట. పొయ్యి ఎప్పుడు వెలిగించాలి, పెనం ఎప్పుడు దించాలి, అన్నీ వాళ్లే చెప్పాలి. మిగిలినవాళ్లు వచ్చి చెయ్యి సాయం చేస్తారు, సలహాలు ఇవ్వరు. ఆఖరి పెనంలో బెల్లం మాత్రం పొయ్యి మండించేవాడిది.

మా వంతు రోజున పెనం దగ్గర ఉండేది వదినే. పాకం మీద నుంచి చూపు తీసేది కాదు. ఎవరైనా కబుర్లకు దిగితే "మాటాడుకోండి, ఇంటన్నాను" అనేది. చెయ్యి ఎత్తిందంటే పెనం దించాల్సిందే. ఆ చెయ్యి తప్పగా నేను చూడలేదు.

ఆమెకు ఇంకో అలవాటుండేది. ఎవరినైనా ఏదైనా అడిగితే, అడిగి ఊరుకునేది. జవాబు వచ్చేదాకా తన పని తను చేసుకునేది. రెండోసారి అడగదు. ఎదుటివాళ్ల తరఫున తను చెప్పదు. ఇంట్లో నలుగురమే. అన్నయ్య, వదిన, నేను, నా భార్య. నలుగురిలో మాట మీద అంత ఓపిక ఆమె ఒక్కదానికే ఉండేది.

శ్రీలంక ప్రయాణం సంగతి కిందటి దసరాలకు మొదలైంది. అక్కడ ఒక రకం చెట్టు గెల కోసి, కారిన నీరు కాచి బెల్లం వండుతారట. ఆ వీడియో ఎవరో వదినకు ఫోన్లో చూపించారు. తాటిబెల్లం ఆమెకు తెలుసు. ఇది వేరే చెట్టు. "ఆళ్ల పాకం ఎలాగ దించుతారో సూడాలి" అంది. అన్నయ్య నవ్వాడు గాని కాదనలేదు. గానుగలో చెరకు ఆడటం అయిపోయాక, ఎండలు ముదరకముందు, నలుగురం వారం రోజులు వెళ్లొద్దామనుకున్నాం.

బస్సులో జనంతో కలిసి వెళ్లే యాత్ర ఆమెకు పనికిరాదు. ఒకసారి అలాగే కాశీ వెళ్లొచ్చింది. ఏం చూశావంటే "కిలీనరు మొహం సూసేను. టైమైంది, టైమైంది అని వారమంతా ఆడే కనపడ్డాడు" అనేది. అందుకని మన బండి, మన డ్రైవరు, మన నలుగురమే అని ముందే తేల్చేసింది.

విశాఖపట్నంలో టూర్లు వేసే ఒకాయన ప్లాను పంపించాడు. రోజుకు నాలుగేసి చోట్లు. గుడి, తోట, ఏనుగులు, తేయాకు ఫ్యాక్టరీ, రంగురాళ్ల దుకాణం. నేను చదువుతుంటే వదిన పిడకలు సర్దుతూ మొత్తం వింది. తర్వాత ఫోన్ తీసుకుంది.

"బాబూ, అంతా బాగుంది గాని, ఇందులో ఏ రోజు ఎవుల్ది?"

"అర్థం కాలేదు మేడమ్. అన్ని రోజులూ అందరివీ కదండీ."

"అందరిదీ అంటే ఎవుల్దీ కాదు. ఎల్లే రోజు, వచ్చే రోజు తీసేయ్. ఐదు మిగులుతాయి. మేం నలుగురం. ఎవుల రోజు ఆళ్లు సెప్తారు. మిగిలినోళ్లు ఎనకాల నడుత్తారు."

"మరి ఐదో రోజు?"

"బండి తోలేవోడికి."

"డ్రైవరుకి రోజేంటి మేడమ్? ఆయనకి జీతం ఇస్తారు కదా."

"జీతం సంగతి కాదు. వారమంతా మనం సెప్పిన సోటకి తోల్తాడు. ఒక రోజు ఆడు సెప్పిన సోటకి మనం ఎల్లొద్దేటి? అడుగు, ఏటంటాడో."

ఆయన నిజంగానే అడిగాడు. శ్రీలంకలో ఉన్న ఆ డ్రైవరు నమ్మక రెండుసార్లు చెప్పించుకున్నాడట. తర్వాత, మా ఊరు తీసుకెళ్లి మా ఇంట్లో అన్నం పెడతాను అన్నాడట. వదినకు ఆ కబురు నచ్చింది. "సూసేవా మరిదీ, ప్లాన్లో ఇది రాయలేదు ఆయన" అంది.

అన్నయ్య తన రోజుకు పెద్ద చెరువు, దాని తూములు చూడాలన్నాడు. నేను కొండల్లో నడిచే రైలు అడిగాను. వదినది బెల్లం పొయ్యి. టూర్లాయన అమ్మకాల దుకాణం చూపిస్తానంటే వద్దంది. వండుకుని బతికే ఇంటికే తీసుకెళ్లాలి, మొదటి గిన్నె నుంచి ఆఖరిదాకా కూర్చోనివ్వాలి. వాళ్లకు ఇవ్వడానికి మన బెల్లం దిమ్మ ఒకటి పట్టుకెళ్లాలని కూడా అనుకుంది. ఎవరి పొయ్యి దగ్గరికైనా ఉత్త చేతులతో వెళ్లడం ఆమెకు తెలియదు.

మిగిలింది నా భార్య రోజు. "మీరెక్కడికంటే అక్కడికే అక్కా" అంది. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆమె మాట అదే. చీర కొనేటప్పుడూ అదే, కూర ఎంచేటప్పుడూ అదే.

"నా రోజు నాకుంది సెల్లీ. నీది నువ్వు సెప్పాలి" అంది వదిన. అంతే, ఊరుకుంది.

టూర్లాయన ఫోన్ చేసినప్పుడల్లా ఆ రోజు ఏం రాయమంటారని అడిగేవాడు. "ఖాళీగా ఉంచు. మా సెల్లి సెప్తాది" అనేది. గదులు దొరకవు అన్నాడు. నేను విసుక్కున్నాను. సముద్రం అని రాసేద్దాం, ఎవరికైనా సముద్రం నచ్చుతుంది కదా అన్నాను.

"దాని వంతు గానుగ నువ్వు తోలేత్తావేటి మరిదీ?" అంది నవ్వుతూనే. నా భార్య అక్కడే బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. ఆ రోజు ఖాళీగా ఉండగానే వదిన పోయింది.

మర్నాడు గానుగ ఆగలేదు. చావు జరిగిన ఇంటి వంతును మా దగ్గర ఇంకొకరు తీసుకోరు. వచ్చి వాళ్ల పని చేసిపెడతారు. ఊరివాళ్లు తడిసిన చెరకే ఆడించి, బెల్లం దిమ్మలు మా అరుగు మీద పెట్టి, ఎవరినీ పిలవకుండా వెళ్లిపోయారు.

కర్మలన్నీ అయ్యాక టూర్లాయన సంకోచిస్తూనే ఫోన్ చేశాడు. అన్నయ్య మానేద్దామన్నాడు. "ఏడాది తిరక్కుండా సముద్రం దాటకూడదంటన్నారు. ఇంక ఎవుల కోసం ఎల్లాలి?"

నేనూ సరే అనేవాడినే. నా భార్య వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

"అక్క రోజుందండి బావగారూ" అంది.

అన్నయ్య ఆమె వైపు చూశాడు. ఆయనతో ఆమె అంత గట్టిగా మాట్లాడటం మేమిద్దరం అంతకుముందు వినలేదు.

"అక్క పోయిన మర్నాడు మన వంతు ఆపేసేరేటండి? ఊరోళ్లొచ్చి సేసేరు. అక్క రోజు అక్కడ అలాగే ఉంది. మనం కాకపోతే ఎవులు సేత్తారు?"

అన్నయ్య కండువా అంచు మడతపెట్టాడు. తర్వాత అడిగాడు. "మరి నీ రోజు తల్లీ? అది ఖాళీగానే ఉంది కదా."

"సముద్రమేనండి."

నేను ముందే చెప్పానుగా అన్నట్టు చూశాను. ఆమె నా వైపు తిరగలేదు.

"పూడిమడక సముద్రానికి ఎన్నిసార్లు ఎల్లినా నేను ములగలేదు బావగారూ. అందరూ దిగితే సంచులూ సెప్పులూ సూసుకుంటా ఒడ్డునే కూకున్నాను. ఆ రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీల్లలోనే ఉంటాను. సంచులు మీరు సూడాలి."

"సూత్తాను" అన్నాడు అన్నయ్య. "సెప్పులు మాత్తరం ఆడు సూత్తాడు" అని నన్ను చూపించాడు. వదిన పోయాక ఆ ఇంట్లో మొదటిసారి నవ్వు వినపడింది.

టూర్లాయనకు నా భార్యే ఫోన్ చేసి తన రోజు చెప్పింది. నీళ్లు లోతు లేని చోటు, ఎవరూ తొందరపెట్టని చోటు కావాలంది. వదిన రోజు ఏం చేయమంటారని ఆయన అడిగితే, చెప్పింది చెప్పినట్టే ఉంచమంది.

చెరకు అయిపోయి మా గానుగ ఈ ఏడాదికి ఆగింది. నిన్న సాయంత్రం అన్నయ్య, నేను, నా భార్య అనకాపల్లి స్టేషనులో మద్రాసు బండి ఎక్కాం, అక్కడి నుంచి విమానం. వదిన పేరు మీదున్న నాలుగో టిక్కెట్టు రద్దు చేయించలేదు. ఆ సీటు తుని దాకా ఖాళీగా ఉంది. తునిలో ఒక పెద్దావిడ ఎక్కి, ఇక్కడ ఎవరైనా ఉన్నారా అని అడిగింది. నా భార్య కిటికీ వైపు జరిగి, కూర్చోమంది.