కౌంట్లు పైన, రేట్లు కింద

మీరు కట్టిన వెబ్‌సైటును మీ ఫోనులో కాక, ఇంకెవరి పాత ఫోనులోనైనా తెరిచి చూశారా? రొయ్యల మేత వాసన ముక్కుకు తగిలినప్పుడల్లా నన్ను నిలదీసే ప్రశ్న ఇది. అడిగే గొంతు మాత్రం జరీనా అక్కది.

నెల్లూరులో మా చిన్న వెబ్ ఆఫీసుకు ఆమె యజమాని. నేను అప్పటికే వాదనలకు పేరుపడ్డవాణ్ణి. ఆఫీసు గుమ్మానికి ఎవరో దిష్టికి కట్టిన నిమ్మకాయలను తెంపి, షర్బత్ చేసి అందరికీ పోసి, మూఢనమ్మకాల మీద ఉపన్యాసం ఇచ్చాను. అక్క రెండు గ్లాసులు తాగి, ఉపన్యాసం సగంలో లేచి వెళ్లింది.

ఆ రోజుల్లోనే కోట అనే ఊరి దగ్గరి రొయ్యల రైతుల కోసం రోజువారీ ధరల పేజీ చేశాను. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అది కౌంట్. కౌంట్‌ను బట్టి రేటు. పేజీలో ఏది ఎక్కడ కనబడాలో చెప్పే భాష సీఎస్ఎస్. అందులో కొత్తగా వచ్చిన గ్రిడ్ అనే గళ్ల పద్ధతితో కౌంట్లను ఒక పక్క, వాటికి ఎదురుగా రేట్లను ముచ్చటగా నిలబెట్టాను.

"పాత బ్రౌజర్లలో ఎట్టుంటది?" అంది అక్క.

"ఈ కాలంలో అవెవరూ వాడరక్కా."

"ఎవుర్ని అడిగినావు?"

"అందరికీ తెలిసిందే గదా."

"నిమ్మకాయ కట్టినోడు కూడా ఇదే చెప్తాడు. పద, కోట బస్సెక్కుదాం."

రైతు చెంచయ్య రొయ్యల గుంట దగ్గర పట్టుబడికి వలలు సిద్ధంగా ఉన్నాయి. రొయ్యలు కొనే వ్యాపారి తన రేటు చెప్పేసి, గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అసలు రేటెంతో మా పేజీలో చూస్తేగాని చెంచయ్య ఊ అనడు. మేత బస్తా మీదినుంచి ఫోను తీశాడు. అద్దం పగిలి, రబ్బరు బ్యాండు దయతో బతుకుతున్న ఫోను. పేజీ తెరిచి, కాసేపు చూసి, నా వైపు తిరిగాడు.

"ఏంది సామీ ఇది? పెండ్లికొడుకులంతా పైన, పెండ్లికూతుళ్లంతా కింద! ఎవురికెవురో నేనెట్ట చెప్పేది?"

ఆ ఫోనుకు గ్రిడ్ తెలియదు. కౌంట్లన్నీ ఒక కుప్ప, వాటి కింద రేట్లన్నీ ఇంకో కుప్ప.

"ఇట్టియ్యన్నా, నేను జత చేసి చెప్తా," అన్నాడు వ్యాపారి, ఎంతో దయగా.

నేను గబగబా నా ఫోను చూపించాను. "చూడన్నా, ఇందులో చక్కగా ఉంది."

"అయితే ఇది నాకిచ్చిపో," అన్నాడు చెంచయ్య.

అక్క గట్టు మీదే నా చేత లాప్‌టాప్ తెరిపించింది. "ముందు ఒక్కో కౌంట్ పక్కన దాని రేటు, ఒకే లైనులో, సాదాగా రాయి. ఆనక గ్రిడ్ నీకు తెలుసా అని బ్రౌజర్‌నే అడుగు. తెలుసంటే నీ సోకులన్నీ పెట్టుకో. తెలీదంటే పప్పన్నమైనా పెట్టు, పస్తు పంపబాక."

అలా అడగడానికి సీఎస్ఎస్‌లో 'సపోర్ట్స్' అనే మాట ఉంది. నాకూ తెలుసు. దాని అవసరం రాదని నమ్మాను. అవును, నమ్మాను!

అక్క చెప్పినట్టే మార్చి పేజీని మళ్లీ ఎక్కించాను. చెంచయ్య మళ్లీ తెరిచాడు. వేలు జరుపుతూ తన కౌంట్ దగ్గర ఆగి, పక్కనున్న రేటును గట్టు అదిరేలా చదివాడు. వ్యాపారి కుర్చీలోంచి లేచాడు. "నేను చెప్పబోయిందీ అదే గదన్నా!"

తర్వాత ఎన్నో వేదికల మీద ఎన్నో నమ్మకాలతో కొట్లాడాను. "అది ఎవరూ వాడరు" అన్నంత మొండి నమ్మకం ఇంకోటి తగల్లేదు. దానికి గుడి లేదు, పూజారి లేడు; చేతిలో కొత్త ఫోను పట్టుకున్న భక్తులు మాత్రం కొల్లలు. ఎవరు ఆ మాట అన్నా నా నోట అక్క మాటే వస్తుంది: ఎవుర్ని అడిగినావు?

ఇక చదవడం ఆపండి. మీ వీధిలో అన్నిటికన్నా పాత ఫోను ఎవరి దగ్గరుందో కనుక్కోండి. అందులో మీ పేజీ తెరిచి, వాళ్ల చేతికే ఇచ్చి, చదివి చెప్పమనండి. ఇవాళే.